నక్కకు దక్కిన మర్యాదలు

ఒక రైతు పెరట్లో, కోళ్ల గూట్లో, చుక్కమ్మ అనే పెట్ట తన ఏడుగురు పిల్లలతో ఉండేది. అదే గూట్లో ఒక బాతు కూడా ఉండేది. చుక్కమ్మది నెమ్మది స్వభావం. దారిన పోయే తొండ పలకరించినా బదులు పలికేది.

"ముక్కూ మొహం తెలియని వాళ్లతో నీకెందుకు వదినా మాటలు?" అనేది బాతు. "పలకకపోతే ఎవరైనా కొడతారా?"

"కొట్టరులే. పలికితే నా నోరేమన్నా అరిగిపోతుందా?"

ఒకరోజు రైతు పొలానికి వెళ్లాడు. ఇంటి కుక్క కూడా ఆయన వెంటే పోయింది. అది కనిపెట్టి, భోజనాల వేళ కావస్తుండగా ఒక నక్క వచ్చి గూటి తలుపు తట్టింది.

"అమ్మా, దూరం నుంచి వస్తున్నాను. దాహంగా ఉంది."

"ఉలకకు, పలకకు," అంది బాతు గుసగుసగా.

చుక్కమ్మ చెక్కల సందులోంచి చూసింది. బయట ఉన్నది నక్క! పిల్లల్ని వెనక్కి నెట్టి, "తాగు బాబూ," అంటూ నీళ్ల మూకుడు తలుపు కిందనుంచి బయటికి తోసింది.

నక్క మూకుడు వంక చూడనైనా లేదు.

"ఇదేం మర్యాదమ్మా! ఇంటికొచ్చినవాణ్ణి లోపలికి పిలవరా? చేస్తే అన్ని మర్యాదలూ చేయాలి. ఒక్కటి కూడా తగ్గకూడదు."

"నిజమే బాబూ, వరసగా చేద్దాం. ముందు యోగక్షేమాలు అడగాలి కదా. మీ అమ్మ కులాసానా?"

"కులాసానే. గడియ తియ్యి."

"నాన్న?"

"పోయి రెండేళ్లయింది."

"అయ్యో! ఏం జబ్బు చేసింది పాపం? మందేమైనా వేయించారా? మేనత్తలెందరు? వాళ్ల పిల్లలో?"

నక్కకు విసుగెత్తింది. కానీ మర్యాద అడిగి వచ్చినవాడు అడిగినదానికి చెప్పకపోతే ఎలా? తలుపు తెరుచుకోదు మరి. పళ్లు నూరుకుంటూ చిన్నమామ అల్లుడి దాకా అందరి సంగతులూ చెప్పుకొచ్చింది.

ఇంతలో రైతు భోజనానికి వచ్చాడు. ఆయనకంటే ముందు కుక్క పెరట్లోకి వచ్చింది.

"అన్నయ్యా!" గొంతెత్తి పిలిచింది చుక్కమ్మ. "ఈ చుట్టాన్ని పొలిమేర దాకా సాగనంపిరా. మర్యాదల్లో అదొక్కటే మిగిలింది!"

కుక్క ఏ లోటూ చేయలేదు. పొలిమేర దాటాక కూడా చాలా దూరం సాగనంపింది. తిరిగి వచ్చినప్పుడు దాని నోట్లో గుప్పెడు నక్క వెంట్రుకలున్నాయి.

బాతు అప్పుడు గూటి మూలలోంచి ఇవతలికి వచ్చింది. "ఇకనైనా కొత్తవాళ్లతో మాటలు మానతావా?"

"ఎందుకు మానాలి? పలకరించడం నా ఇష్టం వదినా. గడియ తీస్తే పోయేది నా పిల్లల ప్రాణం. రెండూ ఒకటెలా అవుతాయి?"

మర్యాద ఎంతవరకో చేసేవాళ్లు తేల్చుకోవాలి గాని, అడిగేవాళ్లు కాదు.