పగడాల ఊపిరి

హైమావతి రెండేళ్లు అండమాన్ దీవుల్లో పగడపు దిబ్బల మీద పనిచేసింది. పడవలో వెళ్లి సీసాల్లో సముద్రపు నీళ్లు పట్టేది. వాటిలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉందో కొలిచేది. చివరికి దిబ్బ ఏటా ఎంత వాయువు పీల్చుకుంటుందో చెప్పే ఒక అంకె తేలింది. రాబోయే కాలంలో భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టే కంప్యూటర్లలో పగడాల తరఫున ఆ అంకె చేరుతుంది. ఆమె పరిశోధనకు గురువైన జోగినాథం మాస్టారు సంతకం పెడితే ఆ సాయంత్రమే పంపాలి.

"దిబ్బ ఆ వాయువును మింగేస్తోంది మాస్టారూ! వెయ్యి సీసాలు చూశాను. ఒక్కటీ ఎదురు చెప్పలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

మాస్టారు కలం తీయలేదు. లేచి, కిటికీ పక్కన గాజుతొట్టిలో పెరుగుతున్న పగడం దగ్గరికి వెళ్లారు. ఏసీ గదిలో కప్పుకునే తన నల్ల శాలువా తీసి, నిద్రపోయే పసిబిడ్డకు కప్పినట్టు తొట్టి మీద కప్పారు.

హైమావతికి నవ్వొచ్చింది. "దానికి చలేస్తోందా మాస్టారూ?"

"దానికి పొద్దు గూకిందనుకో. కూర్చో తల్లీ."

గంట గడిచింది. తర్వాత ఆమె తొట్టిలోని మీటరు చూసింది. నీళ్లలో వాయువు పెరిగింది. మీటరు పాడైందనుకుని తీసి, కడిగి, మళ్లీ పెట్టింది. ఈసారి ఇంకాస్త ఎక్కువ చూపించింది.

ఆమె ముఖం మారిపోయింది. వెలుగులో మింగిన వాయువును పగడం చీకట్లో వదులుతోంది. దిబ్బ దగ్గరికి పడవ పొద్దెక్కాక బయలుదేరుతుంది, చీకటి పడకముందే ఒడ్డుకు రావాలి. అది పడవవాళ్ల కట్టుబాటు. ఆమె పట్టిన వెయ్యి సీసాలూ ఎండలో పట్టినవే.

"ఈ సంగతి మనిద్దరికే తెలుసు," అంది నేల చూస్తూ. "ఇప్పటికి పంపేసి, తర్వాత దిద్దుకోకూడదా?"

మాస్టారు కోప్పడలేదు. కాగితాలు ఆమె ముందుకు జరిపారు.

తప్పని తెలిశాక పంపితే అది పొరపాటు కాదు, అబద్ధం. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కలం తీసి, తన చేత్తోనే ఆ అంకె కొట్టేసింది. అంతవరకు ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

"రెండేళ్లు పోయాయి మాస్టారూ."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు.

"పోలేదమ్మా. సగం అయింది."