శ్రీహరి రెండు మాటలు

పూర్వం తమసానదీతీరాన, వానలు ముఖం చాటేసి నేల నెర్రెలు విచ్చిన కాలంలో, చిత్రబర్హుడనే రాజు వర్షార్థమై మహాసత్రయాగం ఆరంభించి, వేదవేదాంగపారగుడూ తపోనిధీ అయిన శమీకర్ణ మహర్షిని శ్రీహరిచరిత పారాయణకు రప్పించాడు. రాజు ధర్మపరుడే, కాదనను. కానీ కోపం ముక్కు మీద ఉండేది. పైగా తాను విష్ణ్వంశసంభూతుణ్ణన్న మాట ఎవరో చెవిన వేసిన నాటినుంచి ఆయన కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

మొదటినాడు మహర్షి గంభీరస్వరంతో శ్రీహరి వాక్యం పఠించాడు. "సర్వలోకాలకూ ప్రభువును నేనే. నా ఆజ్ఞ మీరగలవాడు లేడు." రాజు మురిసి ముక్కలయ్యాడు. మరునాడు అదే శ్రీహరి వాక్యం ఇలా వచ్చింది. "నాకే అధికారమూ లేదు. నువ్వు పంపిన చోటికి పోయేవాణ్ణి."

రాజు చివ్వున లేచాడు. "ఆగండి మహర్షీ! నిన్న ప్రభువునన్నవాడు నేడు పంపితే పోతానంటాడా? దేవుడికే అధికారం లేకపోతే, ఆయన అంశనైన నా అధికారం ఏ గంగలో కలవాలి? ఈ రెంటిలో ఒకటి అబద్ధం. రేపు సూర్యాస్తమయంలోగా ఏదో తేల్చండి. లేదా ఈ యజ్ఞాగ్నిని నా చేతులతో ఆర్పేస్తాను."

అగ్ని ఆరితే సత్రం భగ్నం, సత్రం భగ్నమైతే వాన లేదు. యజ్ఞవాటిక వెలుపల ఎండిన కడవలతో కూర్చున్న జనమంతా మహర్షి ముఖంలోకే చూశారు.

పాపం, శమీకర్ణుడికి కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటాడు, లేస్తాడు, తనలో తాను గొణుక్కుంటాడు. ఋత్విక్కుల్లో పెద్దవాడొకడు చెంతకు చేరి, "ఎందుకొచ్చిన తంటా స్వామీ! ఆ రెండోదాన్ని మింగేయండి. ఎవరడుగుతారు?" అన్నాడు. చూశారా పెద్దమనిషి సలహా! దేవుడి మాటనే దిగమింగమంటున్నాడు. నాకైతే ఒళ్ళు మండుతుంది! మహర్షి మాత్రం, "మింగితే వాన వస్తుందేమో గాని, ఈ నోటితో మళ్ళీ హరినామం ఎలా పలకను?" అని కన్నీరు పెట్టుకుని, ఎండిపోయిన నదిలోకి దిగి, ఇసుకలో నిలిచి, వాగధిదేవతయైన సరస్వతిని ఎలుగెత్తి పిలిచాడు.

శ్వేతాంబరధారిణియై ప్రత్యక్షమైన ఆ తల్లి చిరునవ్వు నవ్వింది. "నాయనా! వాకిలి పెట్టకుండా ఇల్లు కట్టి, లోపలికి దారేదని ఏడుస్తావేం? శ్లోకం ఒక్క ఊపిరిలో ముగియాలని, ఎవరు ఎవరితో పలికారో చెప్పే వాక్యాలన్నీ విడిచిపెట్టే ఆచారం మీ ఆశ్రమంలో పెట్టిందెవరు?"

మహర్షి తల దించుకున్నాడు. "నేనే తల్లీ. స్వరం తెగకూడదని..."

"స్వరం నిలిచింది, అర్థం తెగింది" అని ఆ దేవి విడిచిన వాక్యాలను తిరిగి ఆయన నాలుకపై నిలిపి అంతర్ధానమైంది.

మూడోనాడు, సూర్యుడు పడమటికి వాలుతుండగా, రాజు నీళ్ళకడవ చేతబట్టి అగ్నిగుండం ముందు నిలిచాడు. అంతట శమీకర్ణుడు పలికాడు. "మహారాజా! దీర్ఘదంష్ట్రుడనే దానవుడు 'నేనే దేవుణ్ణి, మీ పంటలు నాకే అర్పించండి' అని ప్రజలను పీడిస్తుంటే, వాడి ఎదుట నిలిచి 'ప్రభువును నేనే' అన్నాడు శ్రీహరి. వాణ్ణి కూల్చి వస్తుండగా, చూపు ఆనని ముసలమ్మ ఒకతె, ఆయనెవరో ఎరగక, 'ఓ నాయనా, కాసిన్ని నీళ్ళు తెచ్చిపెడతావా? నువ్వేమన్నా పెద్ద అధికారివో ఏమో, పని చెబితే తప్పు పడతావేమో!' అంది. 'నాకే అధికారమూ లేదమ్మా, నువ్వు పంపిన చోటికి పోయేవాణ్ణి' అని ఆమె కడవ భుజానికెత్తుకున్నాడు. రెండు మాటలూ నిజమే. విన్నవారే వేరు."

ఆపై మెల్లగా అన్నాడు. "మొదటి మాటకు తమరు మురిసిపోయారు. అది దానవుడితో అన్న మాట ప్రభూ."

రాజు ముఖం పాలిపోయింది. సిగ్గుతో కిరీటం తీసి పక్కన పెట్టి, కడవతోనే వాటిక వెలుపలికి నడిచి, జనంలో ముందున్న ఒక ముదుసలి ఎదుట వంగి, "దోసిలి పట్టమ్మా" అన్నాడు.

"ఎవరు బాబూ నువ్వు?" అందామె, చేయి అడ్డం పెట్టుకుని చూస్తూ.

విష్ణ్వంశసంభూతుడు కడవ వంచాడు. "నువ్వు పంపిన చోటికి పోయేవాణ్ణి."

ఆమె తాగుతుండగానే పడమట ఉరిమింది. వానలోనే పూర్ణాహుతి జరిగింది. తిరిగి దర్శనమిచ్చిన వాగ్దేవిని శమీకర్ణుడు కోరిన వరం ఒక్కటే. ఎవరితో అన్నాడో విడిచిపెట్టి దేవుడి మాట చెప్పేవాడి గొంతు అక్కడే ఆగిపోవాలని. తల్లి తథాస్తు అంది. అందుకే, ఈ కథ చెప్పేటప్పుడు నేనింత నిదానిస్తాను.