కర్రెద్దుకు వచ్చిన జోడు గీతలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఓబులమ్మ అనే కాపరి, ఆమె పశువుల మంద. మందలో కర్రెద్దే పెద్ద. అది ఢీకొంటే కొండే పక్కకు జరగాలి అన్నట్టుండేది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం కూడా. అయితేనేం, బొల్లావుకు పుట్టిన చిన్న తువ్వాయి అంటే దానికి ప్రాణం. తువ్వాయి రోజూ "మామా" అంటూ వచ్చి కర్రెద్దు మూతి నాకేది.

పక్క ఊళ్లో పశువులు జబ్బు పడ్డాయని తెలిసి, ఒక ఉదయం పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆమె చేతిలో సబ్బుపెట్టెంత డబ్బా ఒకటుంది. ముందు బొల్లావు నోట్లో దూదిపుల్ల తిప్పి, ఆ తడిని డబ్బాలో వేసింది. పశువులన్నీ ఊపిరి బిగబట్టి చూశాయి. డబ్బా మీద ఒక ఎర్ర గీత లేచింది. తర్వాత మందలోని ఇంకో ఆవు, మైలావుకు చూసింది. దానికీ ఒకటే గీత. ఆఖరికి కర్రెద్దుకు చూసింది. రెండు గీతలు!

కర్రెద్దు రంకె వేసింది. "చూశారా! ఒంటెద్దుకు కాడి కడతారా? జోడుంటేనే కాడి, జోడుంటేనే సేద్యం. అందుకే నాకు జోడు గీతలు. నా గొప్ప ఆ డబ్బాకు కూడా తెలిసిపోయింది!"

డాక్టరమ్మ దాన్ని దూరంగా తుమ్మచెట్టు కింద కట్టించింది. వేరే గడ్డి, వేరే బకెట్టు. "రాజుగారికి వేరే పళ్లెం మరి," అని మురిసిపోయింది కర్రెద్దు. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి పిల్లలూ!

సాయంత్రం దాని వీపు మీద కొంగ వాలింది. "ఎందుకన్నా అంత మురిసిపోతున్నావు? డాక్టరమ్మ ఓబులమ్మతో చెబుతుంటే విన్నాను. రెండు గీతలంటే గాలికుంటు జబ్బట. నీ చొంగ తగిలితే మందంతా పడిపోతుందట. పెద్దవి ఎలాగో లేస్తాయి కానీ, లేత దూడలు బతకడం కష్టమట."

"అబద్ధం! నా నోట్లో పుండుందా? నా కాలు కుంటుతోందా? నా ఒంటి సంగతి నాకు తెలీదా?" అంటూ కర్రెద్దు ఒక్క గుంజు గుంజింది. పలుపు తెగింది. కర్రెద్దు తిన్నగా మంద తాగే తొట్టి దగ్గరకు నడిచింది.

"మామా!" అంటూ తువ్వాయి తోక ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. నాకడానికి మూతి చాచింది.

కర్రెద్దు ఆగిపోయింది. పుండు లేదు, నిజమే. నొప్పి లేదు, అదీ నిజమే. కానీ డబ్బా చెప్పిందే నిజమైతే? అప్పుడు పోయేది తన పరువు కాదు, ఈ చిన్నదాని ప్రాణం.

"దగ్గరకు రాకు!" అని అడవి దద్దరిల్లేలా అరిచింది. తువ్వాయి బెదిరిపోయి తల్లి చాటుకు దూరింది. కర్రెద్దు తనంతట తానే తుమ్మచెట్టు కిందికి వెళ్లి నిలబడింది.

ఒక రోజు గడిచింది. ఏమీ లేదు. రెండో రోజూ ఏమీ లేదు. మూడో రోజు నోరంతా బొబ్బలు, గిట్టల మధ్య పుండ్లు, ధారగా చొంగ. అంత ఎద్దూ కూలబడింది. అయినా దాని కళ్లలో నొప్పి కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

"కొంగా, ఈ తోలు లోపల ఉన్నది నేనే కదా! నాకే తెలియని సంగతి ఆ సబ్బుపెట్టె మూడు రోజుల ముందే ఎలా చూసింది?"

"నీ వీపు మీద చీమంత పురుగు కూడా నా కన్ను దాటిపోదు. నాకే కనబడలేదన్నా!" అంది కొంగ.

పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఆ డబ్బాయేనేమో. డాక్టరమ్మ ఇంకో రెండు రోజులు ఆలస్యంగా వచ్చి ఉంటే? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఓబులమ్మ రోజూ పుండ్లు కడిగి, గంజి తాగించింది. మందలో ఇంకే పశువుకూ జబ్బు రాలేదు. నెల తర్వాత డాక్టరమ్మ మళ్లీ వచ్చి కర్రెద్దు నోట్లో దూదిపుల్ల తిప్పింది. మందంతా మెడలు చాచి చూసింది. ఒకటే గీత!

"అయ్యో మామా, నీ జోడు గీత పోయిందా?" అని తువ్వాయి జాలిపడింది.

"పోతే పోనీవే," అంది కర్రెద్దు, దాని చెవి నాకుతూ. "నాకు జోడుగా నువ్వున్నావుగా!"

నీతి: కంటికి కనబడని ముప్పును ముందే చెప్పేవాళ్ల మాటను పరువు కోసం కొట్టిపారేయకూడదు, మన పొరపాటుకు బలయ్యేది మనల్ని నమ్ముకున్నవాళ్లే.