సింగారి ఊడ్చిన అడవి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లన్నీ నీళ్ళలోనే ఉండేవి. అది మస్తాన్‌బీ గారి కుట్టుమిషను కొట్టులో, కిటికీ పక్కన పెట్టిన ఒక పెద్ద గాజుతొట్టిలో ఉండేది. పొడుగు గడ్డి, పొట్టి పచ్చిక, చీపురుపుల్లల్లాంటి సన్నాకు మొక్కలు, వీటన్నిటి మధ్య చేటంత ఆకులతో ఒక పెద్ద చెట్టు. చేప అటునుంచి ఇటు రావాలంటే దారి వెతుక్కుని రావాల్సిందే.

ఆ అడవికి పెద్ద గుమ్మడయ్య అనే నత్త. రోజంతా ఆకుల మీదా గాజు మీదా పాకుతూ, పాచి నాకి శుభ్రం చేసేవాడు. చిటికి అనే రొయ్య పచ్చికలో కాపురముండేది. రాలిన ఆకుల్ని ముక్కలు చేసుకుని తినేది. ఇక బారెడు అని ఒక బొమ్మిడాయి. మీలో కొందరు బొమ్మిడాయిని పులుసులో చూసి ఉంటారు. ఆ మాట మాత్రం వాడి ముందు అనకండి. వాడికి తవ్వడమంటే ప్రాణం. ఇసకలో దూరి, ముక్కు ఒక్కటీ బయటపెట్టి పడుకునేవాడు.

ఒకరోజు ఆ తొట్టిలోకి కొత్తగా సింగారి అనే పరిగె చేప వచ్చింది. వెండి ఒళ్ళు, ఎర్ర తోక. కడుపుతో ఉంది. అది అంతకుముందు ఒక డాక్టరు గారింట్లో ఉండేది. అక్కడి తొట్టిలో మొక్కలు లేవు. అడుగున నీలం రంగు గులకరాళ్ళు, ఒక ప్లాస్టిక్ కోట, అంతే. ప్రతి ఆదివారం రాళ్ళన్నీ బయటికి తీసి, కుళాయి కింద కడిగి, మళ్ళీ వేసేవాళ్ళు.

సింగారి తొట్టి అడుగుకి దిగి చూసింది. నల్లమన్ను, ముతక ఇసక. వాటి మీద రాలిన ఆకుల ముక్కలు, చేపల రెట్ట, గోధుమరంగు దూదిలాంటి మడ్డి.

"ఇదేం ఇల్లు తాతా? ఇక్కడ ఊడ్చేవాళ్ళెవరూ లేరా?" అని గుమ్మడయ్యని అడిగింది.

"ఊడుస్తూనే ఉన్నాం తల్లీ. నేనొక పక్క, చిటికి ఒక పక్క," అన్నాడు గుమ్మడయ్య.

"మరి ఈ మడ్డి?"

"అది కొంచెం ఉంటుంది. చెట్ల వేళ్ళు కూడా ఏదో ఒకటి తినాలి కదా."

సింగారికి ఆ మాట నచ్చలేదు. 'నా పిల్లలు ఈ మురికిలో పుట్టాలా?' అనుకుంది. తన పిల్లలు అద్దంలాంటి ఇంట్లో కళ్ళు తెరవాలని దాని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. కానీ ఇంకెవర్నీ అడక్కుండా అది నేరుగా బారెడు దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, నువ్వు బాగా తవ్వుతావటగా?"

బారెడు ముక్కు బయటపెట్టాడు. వాడి పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. "ఎక్కడ తవ్వమంటావక్కా?" అన్నాడు.

మొదటిరోజు ఇద్దరూ కలిసి ముందువైపు ఖాళీ జాగా శుభ్రం చేశారు. అక్కడ మొక్కలు లేవు. బారెడు ఇసకని కదిలించాడు. సింగారి తోకతో మడ్డిని లేపింది. నీళ్ళు వడకట్టే యంత్రం దాన్ని లాగేసుకుంది. మధ్యాహ్నానికి ఇసక పంచదారలా మెరిసింది. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. గుమ్మడయ్య కూడా "బాగుందమ్మాయ్" అన్నాడు.

సింగారికి సంబరమైంది. రెండోరోజు పచ్చికలోకి వెళ్ళారు. బారెడు తవ్వుతుంటే పచ్చిక వేళ్ళతో సహా ఊడి, పిలకలు పిలకలుగా పైకి తేలిపోయింది.

"అక్కా, నా ఇల్లు తేలిపోతోంది," అంది చిటికి.

"మళ్ళీ మొలుస్తుందిలే. ముందు శుభ్రం కానీ," అంది సింగారి.

చిటికి ఒక పిలకని పట్టుకుని, దాంతోపాటే పైకి తేలుతూ వెళ్ళిపోయింది.

మూడోరోజు పెద్దచెట్టు మొదలు దగ్గరికి వచ్చారు. అక్కడ మడ్డి దట్టంగా ఉంది. అప్పటికే గుమ్మడయ్య వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. నత్త కదా, అంత దూరం రావడానికి రాత్రి బయల్దేరాడు పాపం.

"అమ్మాయ్, పైన పడ్డదాన్ని తీసుకో. కింద ఉన్నదాన్ని కదపకు," అన్నాడు.

"కింద ఉన్నదీ మురికే కదా తాతా."

"మురికే. కాదనను. ఎన్నో ఏళ్ళుగా పేరుకున్న మురికి. వేళ్ళు దాన్ని గట్టిగా పట్టుకుని, కొంచెం కొంచెం తింటున్నాయి. వేళ్ళని ఊడబెరికితే అదంతా మన ముక్కుల్లోకి వస్తుంది."

సింగారి ఒక్క క్షణం ఆగింది. మెరిసే ఇసకని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. "ఇదొక్కటీ అయిపోతే ఇల్లంతా శుభ్రమైనట్టే. తవ్వు తమ్ముడూ," అంది.

బారెడు తల దించి, ఒంటిని మెలితిప్పి, మన్నులోకి సర్రున దూరాడు.

ముందు గుడగుడమని బుడగలు వచ్చాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. తర్వాత కింద నుంచి నల్లటి పొగలాంటిది లేచింది. పెద్దచెట్టు ఒక పక్కకి ఒరిగి, వేళ్ళు పైకి లేచి, మెల్లగా తేలిపోయింది. చూస్తుండగానే నీళ్ళు టీ డికాషన్‌లా అయిపోయాయి. ఎవరికీ ఊపిరాడలేదు. చేపలన్నీ పైకి వెళ్ళి నోళ్ళు తెరిచాయి. గుమ్మడయ్య గాజు పట్టుకుని పైకి పాకాడు.

సింగారి కూడా పైకొచ్చి రెండు గుక్కలు పీల్చుకుంది. చుట్టూ చూసింది. అందరూ ఉన్నారు, బారెడు లేడు.

వెంటనే అది మళ్ళీ ఆ నల్లనీళ్ళలోకే దిగింది. కళ్ళు మండాయి. ముక్కుతో తడుముకుంటూ వెతికింది. గుంట అంచు కూలి, బారెడు సగానికి పైగా మన్ను కింద ఇరుక్కుని ఉన్నాడు. సింగారి తోకతో మన్ను నెట్టింది, ముక్కుతో పొడిచింది, వాడి పక్కరెక్క పట్టి లాగింది.

"అక్కా, బాగానే తవ్వానా?" అన్నాడు బారెడు నీరసంగా.

"బాగానే తవ్వావు నాయనా. తప్పు తవ్వమన్న నాది. పద పైకి."

అప్పుడే మస్తాన్‌బీ గారు మిషను మీద నుంచి తల తిప్పి చూశారు. కత్తెర బల్ల మీద పెట్టి లేచారు.

"వెంకాయమ్మ గారూ, మీ జాకెట్టు సాయంత్రం తీసుకోండి. వీటికి ఊపిరాడటం లేదు," అన్నారు.

"మంచిదమ్మా, ముందు వాటి సంగతి చూడు," అని, జాకెట్టు కోసం వచ్చి కూర్చున్న వెంకాయమ్మ గారు తనే ఒక బకెట్ అందుకున్నారు.

మస్తాన్‌బీ గారు సన్నటి గొట్టంతో సగం నీళ్ళు లాగేశారు. ముందురోజు పట్టి ఉంచిన మంచినీళ్ళు మెల్లగా పోశారు. పెద్దచెట్టు వేళ్ళని రెండువేళ్ళతో మన్నులోకి నొక్కి నిలబెట్టారు. మర్నాడు మళ్ళీ కొంచెం నీళ్ళు మార్చారు. ఆ మర్నాడు మళ్ళీ.

సింగారి ఆ గొట్టాన్నే చూస్తూ ఉంది. "తాతా, ఆ గొట్టం మన్నులో దిగడం లేదు. వేలెడు ఎత్తులోనే తిరుగుతోంది," అంది.

"దిగదమ్మా. పైన పేరుకున్నది తీసుకుపోతుంది. వేళ్ళ దగ్గర ఉన్నదాన్ని ఉండనిస్తుంది," అన్నాడు గుమ్మడయ్య.

అలా నాలుగు రోజులకి నీళ్ళు తేటపడ్డాయి. సింగారి చిటికి దగ్గరికి వెళ్ళింది.

"చిటికీ, నీ ఇల్లు పీకేశాను. నువ్వు చెప్పినా వినలేదు. ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను."

చిటికి కాసేపు మీసాలు తిప్పింది. "తేలిన పిలకలన్నీ కిందికి తెచ్చిపెట్టు," అంది.

సింగారి ఒక్కో పిలకే నోట కరిచి తెచ్చింది. చిటికి చిన్నచిన్న కాళ్ళతో వాటిని ఇసకలో గుచ్చింది. కానీ గుచ్చినవి గుచ్చినట్టే పైకి లేస్తున్నాయి. అప్పుడు బారెడు వచ్చి, వాటి మీద అడ్డంగా పడుకున్నాడు.

"వేళ్ళు పట్టేదాకా నేను కదలను," అన్నాడు.

తవ్వకుండా ఉండటం వాడికెంత కష్టమో మీరే ఆలోచించండి. ముక్కు దురద పెట్టింది. తోక జిలపెట్టింది. అయినా కదల్లేదు. చిటికి వాడికి కబుర్లు చెప్పింది. సింగారి తన వంతు పురుగులు తెచ్చి వాడి నోటికి అందించింది. వారం తిరిగేసరికి పిలకలన్నీ నిలదొక్కుకున్నాయి. పెద్దచెట్టు లేతపచ్చటి కొత్తాకు ఒకటి విప్పింది. ఆ రోజు అడవిలో అందరూ ఆ ఆకు చుట్టూ గిరగిరా తిరిగి ఆడుకున్నారు. గుమ్మడయ్య కూడా ఒక చుట్టు తిరిగాడు. అది పూర్తయ్యేసరికి సాయంత్రమైంది.

తర్వాత కొన్నాళ్ళకి సింగారి సన్నాకు మొక్కల నడుమ గుడ్లు పెట్టింది. రెండురోజులకి అవి పగిలి, కనురెప్ప వెంట్రుకంత పిల్లలు బయటికొచ్చాయి. సింగారి ఆనందం చెప్పలేం. కానీ ఇంకో రెండురోజులకి దానికి కొత్త బెంగ పట్టుకుంది.

"తాతా, వీటికి ఆకలేస్తోంది. మస్తాన్‌బీ గారు వేసే పురుగులు వీటి నోళ్ళలో పట్టవు. నేనేం పెట్టను?"

"నువ్వేం పెట్టక్కర్లేదు. వాటి వెనకాలే వెళ్ళి చూడు," అన్నాడు గుమ్మడయ్య.

పిల్లలు బిలబిలమంటూ పెద్దచెట్టు మొదలు దగ్గరికి వెళ్ళాయి. అక్కడ పల్చగా పేరుకున్న మడ్డి ఉంది. ఆ మడ్డిలో కంటికి కనిపించనంత చిన్న పురుగులు ఉంటాయి. పిల్లలు దాని మీద వాలి, టుకుటుకుమని ఏరుకుని తినసాగాయి. చిటికెలో కడుపులు నిండి గుండ్రమయ్యాయి.

సింగారి అదంతా చూసింది. తర్వాత మెల్లగా పిల్లల పక్కకి చేరి, "నెమ్మదిగా తినండమ్మా, వేళ్ళు కదపకండి," అంది.

నీతి: కొత్తచోట దేన్నైనా ఊడ్చిపారేసే ముందు, అది ఎవరికి కూడు పెడుతోందో అడిగి తెలుసుకోవాలి.