చలి రాని ఏడు సుంకన్న దీక్ష

సుంకన్న దీక్షకు ఇరవై రెండు రోజులు నిండాయి. ఇంతవరకూ ఒక్కసారి కూడా వణకలేదు. అదే అతని బాధ.

ఈరన్న తాత ఆశ్రమంలో ఒక ఆనవాయితీ ఉంది. దీక్ష పట్టినవాడు చలికాలంలో నలభై రోజులు తెల్లవారకముందే లేచి ఆరుబయట చన్నీళ్ళు పోసుకోవాలి. నలభయ్యో నాడు తాత అతన్ని దగ్గరికి పిలిచి చెవిలో ఒక మాట చెబుతాడు. ఆ మాట కోసమే సుంకన్న పొగాకు బేరం కొడుక్కి అప్పజెప్పి వచ్చి కూర్చున్నాడు.

ఆ ఏడు చలికాలం మా మైదానం వైపు రానే లేదు. పుష్యమాసంలో ఎండ చుర్రుమంటోంది. మంచు పడక శనగ పూత రాలిపోయింది. నల్లరేగడి నోరు తెరిచింది. పెదవులు పగిలి కొందరు మాటలు తగ్గించారు, ఊరికి జరిగిన మేలు అదొక్కటే. స్వెట్టర్లు అమ్మడానికి వచ్చినవాళ్ళు రెండు రోజులు మూటల మీద పడి నిద్రపోయి వెళ్ళిపోయారు.

ఎండకు తోడు లాలప్ప. పోయినేడు దీక్ష చేసింది అతనే. అప్పుడు అతని పళ్ళు కొట్టుకునే చప్పుడు బస్టాండు దాకా వినబడిందంటారు. అనేది లాలప్పే. తాత తన చెవిలో ఏం చెప్పాడో పెళ్ళానికి కూడా చెప్పలేదు. నేను మూడుసార్లు టీ తాగించి అడిగాను. టీ తాగాడు.

రోజూ పొద్దున్నే వచ్చి బావిగట్టు మీద కూర్చునేవాడు.

"ఏమప్పా సుంకన్నా, నీళ్ళు కాచుకున్నావా?"

"బావి నీళ్ళే."

"వణకవేమి మరి? దీన్ని దీక్ష అనరప్పా. స్నానం అంటారు."

సుంకన్న కొత్త కుండల్లో నీళ్ళు పోసి చల్లబడతాయని మిద్దె మీద పెట్టాడు. కోతులు పగలగొట్టాయి. తడిగుడ్డ చుట్టుకుని గాలికి నిలబడ్డాడు. గుడ్డ ఆరిపోయింది. చివరికి తాత దగ్గరికి పోయాడు. తాత పంచలో కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు.

"తాతా, నా రోజులు లెక్కకొస్తాయా, రావా? అదొక్కటి చెప్పు."

"పోసుకున్నావా?"

"పోసుకున్నా."

"తుడుచుకున్నావా?"

"తుడుచుకునేదేముంది తాతా! దానంతటదే ఆరిపోతాండాది!"

"అయితే కూర్చో. కాయలు ఒలువు."

సుంకన్న ఒలిచాడు. ఆ కాయల మీద అతను చూపిన కోపానికి సగం గింజలు పెరట్లో కోళ్ళకు దక్కాయి.

సాయంత్రం టౌనుకు ఫోన్ చేసి నిలువెత్తు ఐసుగడ్డ ఒకటి పంపమన్నాడు. తెల్లవారకముందే రావాలని మూడుసార్లు చెప్పాడు. ఆటో మర్నాడు పగలు పదకొండు గంటలకు వచ్చింది. గడ్డ మీద గోనెపట్టా కప్పి ఉంది. డ్రైవరు మా ఊరి టీ హోటలు ముందు ఆపి, "ఈరన్న తాత ఆశ్రమం ఎటు?" అని అడిగాడు.

మా ఊరికి అంత గడ్డ వచ్చేది ఒక్క పనికే. దూరం నుంచి చుట్టాలు వచ్చేదాకా శవం చెడకూడదని తెప్పిస్తారు. తాతకు తొంభై ఏళ్ళు. ఇక డ్రైవరును ఎవరూ ఏమీ అడగలేదు.

అరగంటలో ఊరంతా ఆ ఎండన పడి ఆశ్రమం దాకా రెండు మైళ్ళు నడిచింది. పూలదండ వచ్చింది, డప్పులు వచ్చాయి. నాగమ్మవ్వ పొలిమేర దాటకముందే శోకాలు అందుకుంది. అందరికంటే ముందు లాలప్ప, తాత చెవిలో చెప్పిన మాట తనకొక్కడికే మిగిలిందని ఏడుస్తూ నడిచాడు. ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తాత పంచలోనే ఉన్నాడు. కందికాయలు ఇంకా అయిపోలేదు.

"ఎవరు పోయినార్రా?" అన్నాడు తలెత్తి.

నాగమ్మవ్వ శోకం మధ్యలో ఆపింది. "నువ్వే నాయనా," అంది.

తాత గడ్డను చూశాడు. దాని పక్కన తువ్వాలు కట్టుకుని, చెంబు పట్టుకుని నిలబడ్డ సుంకన్నను చూశాడు.

"నా దీక్షకు తెప్పించినా," అన్నాడు సుంకన్న నేల చూస్తూ.

"నీ దీక్ష పాడుగాను! నా చెప్పు తెగింది కదరా!" అన్నారు వెనకనుంచి ఎవరో.

తాత లేచి, పూలదండ అందుకుని, వాడిపోకుండా గడ్డ మీద పెట్టాడు. మూలనున్న రోకలి తెచ్చి సుంకన్న చేతిలో పెట్టాడు.

"పగలగొట్టు."

"తాతా, ఇంకా పోసుకోలేదు..."

"ఎండన పడి వచ్చినారు. పగలగొట్టు."

సుంకన్న పగలగొట్టాడు. ముక్కలు చేతులతోనే ఏరి గంగాళంలో వేశాడు, నీళ్ళు తోడిపోశాడు, నిమ్మకాయలు పిండాడు. ఎవరికి ముందు పోసినా ఇంకొకరికి కోపం వచ్చింది. డప్పులవాళ్ళు రెండేసి గ్లాసులు తాగారు. ఏడిస్తే ఇంత దప్పికవుతుందని తెలీదంటూ నాగమ్మవ్వ నాలుగోసారి గ్లాసు చాచింది. సుంకన్న వేళ్ళు అప్పటికే ఎర్రబడి తిమ్మిరెక్కాయి. చెంబు ఒలికి సగం నీళ్ళు ఆమె చీర మీద పడ్డాయి.

"ఏమబ్బా, అట్ల వణుకుతాండావు?" అంది నాగమ్మవ్వ.

సుంకన్న తన చేతులు చూసుకున్నాడు. తాత వైపు తిరిగాడు.

"ఈ రోజు లెక్కకొస్తుందా తాతా?"

"వస్తుంది."

"మిగతా ఇరవై రెండు?"

"అవి స్నానాలు."

లాలప్ప పకపకా నవ్వాడు. గోడకు ఆనుకుని మూడో గ్లాసు తాగుతున్నాడు. తాత అతని వైపు చూశాడు.

"లాలప్పా, పోయినేడు నీ చెవిలో ఏం చెప్పినాను?"

నేను రెండడుగులు ముందుకు జరిగాను.

"అందరి ముందరా తాతా?"

"చెప్పు."

లాలప్ప గ్లాసులోకి చూశాడు.

"తల బాగా తుడుచుకోరా, జలుబు చేస్తుంది... అన్నావు."

ఎవరూ నవ్వలేదు. లాలప్ప లేచి గ్లాసు కింద పెట్టాడు. సుంకన్న చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. వెనక ఇంకా పదిమంది దాకా తాగాల్సినవాళ్ళున్నారు.