పోయొస్తా అన్న మాట

"'పోయొస్తా' అన్నాడు మీ పెద్దాయన. పోతా అన్నాడు, వస్తా అన్నాడు. రెండూ దాటించా. ఒక్క అక్షరం తడవలేదు. ఇంక నా తప్పేంటి?"

మొదటి పడవవాడు తెడ్డు నేలకేసి కొట్టాడు.

ఆ ఏటికి రెండు ఒడ్లు, రెండు భాషలు. అటూ ఇటూ మాటలు దాటించడానికి ముగ్గురు పడవవాళ్ళు. నెల కిందట ఈ ఒడ్డు పెద్దాయన అటు పోయి, భోంచేసి, లేస్తూ ఆ మాటన్నాడు. అటు ఒడ్డున వస్తానంటే రావాలి. వచ్చేదాకా పొయ్యి ఆర్పరు. వాళ్ళు మూడు రోజులు వండి, ఎదురుచూసి, అన్నమంతా ఏట్లో పోశారు. మాట తప్పినోళ్ళ పడవ మా రేవుకి రావద్దన్నారు.

ఇప్పుడు ఈ ఒడ్డున బట్టలుతికే ఆమె చెల్లెలికి పొద్దుట్నించీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. చేత్తో తిప్పగలిగే మంత్రసాని ఒక్కతే ఉంది. అటు ఒడ్డున.

"మీ తగువు తర్వాత," అంది అక్క. "ఆ మంత్రసానికేం చెప్తారో అది చెప్పండి."

"నేనైతే ఆరోజే 'సెలవు' అని దాటించేవాణ్ణి," అన్నాడు రెండోవాడు. "మాట వదిలేసి అర్థం పట్టుకోవాలి."

"మరి 'వస్తా' ఏమైనట్టు?"

"బరువు. ఏట్లో దించేస్తా."

"అందుకే నీ పడవ అంత తేలిగ్గా పోద్ది," అన్నాడు మొదటివాడు. "లోపల సరుకుండదు."

మూడోవాడు నవ్వాడు. "మాటా కాదు, అర్థమూ కాదు. పని. మంత్రసాని రావాలి, అంతే కదా? పెద్దాయన కాళ్ళు పట్టుకుంటాడని చెప్పేద్దాం."

"ఆయన అన్నాడా అట్లా?"

"అనకపోతే ఏంటక్కా, వస్తుంది కదా."

"వచ్చాక తెలుస్తుంది. మళ్ళీ రాదు. నా చెల్లెలి తర్వాత ఇంకొకరికి నొప్పులు రావా?"

ఆమె తెడ్డు లాక్కుంది. ఇరవై ఏళ్ళుగా ఈ రేవులో బట్టలుతుకుతూ, అవతలి రేవులో ఉతికేవాళ్ళ మాటలు విని విని వాళ్ళ భాష నేర్చుకుంది. అవతలి రేవుకి నాలుగు బారల దూరంలో పడవ ఆపింది. పడవని చూసి మంత్రసాని ఒడ్డుకొచ్చి నిలబడింది.

"మళ్ళీ ఎవరు వస్తానన్నారు?" అంది మంత్రసాని.

అక్క పెద్దాయన మాటని మార్చలేదు. తమ భాషలోనే, ఉన్నదున్నట్టు, "పోయొస్తా" అంది. తర్వాత వాళ్ళ భాషలో చెప్పింది. "మా ఒడ్డున ఉత్తినే పోతా అంటే చచ్చిపోతా అన్నట్టు. ఆ మాటంటే మాకు భయం. అందుకే వెనకాల వస్తా అని ఒకటి తగిలిస్తాం. రానని తెలిసినా తగిలిస్తాం. ఆయన మీకు మాటివ్వలేదమ్మా. భయపడ్డాడు. మీ అన్నం చల్లారిందని మాకు తెలీదు. ఇవాళ నా చెల్లెలు పోతా అంటోంది. వస్తా అని తగిలించడానికి ఓపిక లేదు దానికి."

"రెండు మాటలకి అంత పొడుగా?" అని ఈ ఒడ్డున రెండోవాడు గొణిగాడు.

మంత్రసాని నీళ్ళలోకి దిగి పడవెక్కింది.

మధ్యాహ్నానికి బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. సాయంత్రం మంత్రసాని చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడింది. ముగ్గురు పడవవాళ్ళూ చెవులు రిక్కించారు. తన భాషలో ఆమె ఎప్పుడూ 'పోతున్నా' అనే అంటుంది. మంచం మీద మనిషి వింటోంది.

మంత్రసాని మంచం వైపు చూసి, వంకర యాసతో, "పోయొస్తా" అంది.

"చూశారా, సెలవు అంది," అన్నాడు రెండోవాడు.

బాలింత మాత్రం అక్క చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం వెయ్యి. ఆమె వచ్చేదాకా పొయ్యి ఆర్పకు."

ఎసరు మరుగుతోంది. ఆ అన్నం ఏ ఒడ్డు భాషలో ఉడుకుతోందో మీరేమన్నా చెప్పగలరా?