వెలగచిప్పల చట్టం

అనగనగా ఒక అడవిలో కొమ్ములాట లేనిదే పెళ్ళి జరిగేది కాదు. పెళ్ళికూతురు ఆలస్యంగా వచ్చినా ఊరుకునేవారు. పాయసంలో బెల్లం తగ్గినా ఊరుకునేవారు. కొమ్ములాట లేకపోతే మాత్రం మగపెళ్ళివారు అలిగి లేచిపోయేవారు.

కొమ్ములాటంటే ఏమిటంటారా? కొమ్ములున్నవాళ్ళంతా పందిట్లో చేరి, సంతోషం పట్టలేక తలలు గిరగిరా తిప్పడం. అంతే. ఎందుకు తిప్పాలని అడక్కండి. వాళ్ళ తాతలు తిప్పారు, వీళ్ళూ తిప్పుతున్నారు.

ఆ ఆటకి అడవిదున్న కోటప్ప పెట్టింది పేరు. అతను తల తిప్పితే పందిరి గుంజలు కూడా భయపడి పక్కకి జరుగుతాయని చెప్పుకునేవారు. నెమలిగారి అమ్మాయి పెళ్ళిలో కోటప్ప అలాగే ఆడుతున్నాడు. చప్పట్లు మోగే కొద్దీ తల కిందికి దించి ఇంకా తిప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడే కుందేలు బంగారమ్మ కొడుకు గోగు, నేలమీద పడ్డ లడ్డూ కోసం ఆడేవాళ్ళ మధ్యలోకి దూరాడు.

కొమ్ము తగిలింది. గోగు ఎగిరి పందిరి మీద పడ్డాడు. లడ్డూ మాత్రం వదల్లేదు, కానీ వెనక కాలు విరిగింది. ఆకు పసరు పోసి కట్టుకట్టారు. ఎముక అతుక్కుంది గానీ కాలు వంకర పోయింది. పరుగుమీదే బతికే కుందేలుకి కాలు కుంటిదైతే ఏం మిగులుతుంది చెప్పండి! బంగారమ్మ గుండె చెరువైపోయింది.

ఆమె గోగుని వెంటబెట్టుకుని కోటప్ప దగ్గరికి వెళ్ళింది.

"కోటప్పన్నా, నీ కొమ్ములు కోసెయ్యమని నేననడం లేదు. నలుగురూ చేరినచోట వాటి మొనలకి వెలగచిప్పలు తగిలించుకో. ఆట అయ్యాక తీసెయ్యి. అంతే నేనడిగేది" అంది.

కోటప్పకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"నా తలమీద మొలిచింది నా కొమ్ము! నువ్వేమైనా నీళ్ళు పోసి పెంచావా? ఇవాళ పెళ్ళిలో చిప్ప పెట్టుకోమంటావు. రేపు దారిలో పెట్టుకోమంటావు. ఎల్లుండి అసలు కొమ్మే వద్దంటావు. అయినా పిల్లాణ్ణి మా కాళ్ళ మధ్యకి ఎవరు పంపమన్నారు?"

గోగు అక్కడే అమ్మ పక్కన ఒంటికాలి మీద బరువు మోపి నిలబడి ఉన్నాడు. కోటప్ప వాడి వంక చూడనే లేదు.

బంగారమ్మ కళ్ళు తుడుచుకుని రాజుగారి దగ్గరికి వెళ్ళింది.

ఆ అడవికి రాజు దొడ్డరాయుడనే ఏనుగు. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆయనకి రెండు పిచ్చులు. ఒకటి వెలగపండు. రెండోది ఉత్తర్వు. పొద్దున్నే ఒక ఉత్తర్వు వెయ్యకపోతే ఆయనకి ఆకలి పుట్టదు. 'సూర్యుడు తూర్పునే ఉదయించవలెను' అని ఒకసారి ఉత్తర్వు వేశాడు. సూర్యుడు అలాగే ఉదయించాడు. ఇక అప్పట్నుంచి ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

బంగారమ్మ చెప్పిందంతా విని దొడ్డరాయుడు తొండం పైకెత్తాడు.

"ఈ క్షణం నుంచి ఈ అడవిలో పొడిచేదంతా నిషేధం! ఇంట్లో ఉన్నా, బయట ఉన్నా, నిద్రపోతున్నా సరే. ప్రతి మొనకీ వెలగచిప్ప తొడగాలి. తుమ్మజిగురు పెట్టి అంటించాలి. మళ్ళీ ఊడకూడదు."

బంగారమ్మ తెల్లబోయింది. "ప్రభూ, నేను పెళ్ళిళ్ళలో మాత్రమే అడిగాను."

"నువ్వు చిన్నదానివి, చిన్నగా అడిగావు. నేను పెద్దవాణ్ణి" అన్నాడు రాజు.

చిప్పలు తొడిగే పని తోడేళ్ళకి అప్పజెప్పాడు. తోడేళ్ళకి కొమ్ముల్లేవు కాబట్టి కొమ్ములమీద పక్షపాతం ఉండదని ఆయన లెక్క. తోడేళ్ళ నాయకుడు వీరాస్వామి చాలా వినయంగా వంగి దణ్ణం పెట్టాడు.

చెట్టుమీంచి ముసలి కాకి అడిగింది. "అయ్యా, మరి తోడేళ్ళ కోరలో?"

"అవి భోజనానికి సంబంధించినవి" అన్నాడు వీరాస్వామి.

"రాజుగారి దంతాలో?"

దొడ్డరాయుడు తన దంతాలకేసి ఎంతో ప్రేమగా చూసుకున్నాడు. "ఇవి ఆయుధాలా? ఇవి ప్రభుత్వం" అన్నాడు. కాకి రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది.

ఇక చూడండి తమాషా. అడవిలో వెలగపళ్ళన్నీ కోయించారు. గుజ్జు రాజుగారి వాటా, చిప్ప ప్రజల వాటా. జింకలకి చిప్పలు, దున్నలకి చిప్పలు, పొట్టేళ్ళకి చిప్పలు. ఎవరు తల ఊపినా టకటకమని చప్పుడు.

కొమ్ములు అయిపోయాక తోడేళ్ళకి పని కావాలి కదా! నత్త దగ్గరికి వెళ్ళారు. నత్త వాళ్ళని చూసి, అలవాటు ప్రకారం కొమ్ములు లోపలికి లాక్కుంది. "ఆయుధాలు దాచింది!" అని దాన్ని పట్టుకున్నారు. తర్వాత ముళ్ళపంది వంతు వచ్చింది. ముల్లుముల్లుకీ చిప్ప తొడగడం ఎవరివల్ల అవుతుంది? దాన్ని జిగురులో ముంచి, బూరుగుదూదిలో దొర్లించారు. అది తెల్లగా, గుండ్రంగా తయారైంది. దాని పెళ్ళామే దాన్ని పోల్చుకోలేక ఇంట్లోకి రానివ్వలేదు.

ఆఖరికి తాబేలుని సోదా చేశారు. దాని దగ్గర పొడిచేది ఏదీ దొరకలేదు.

"మరి ఇంత డిప్ప మోస్తున్నావెందుకు? నీకెవరిమీదో అనుమానం ఉందన్నమాట. ఎవరిమీద?" అని గద్దించాడు వీరాస్వామి.

తాబేలు అతని కోరలకేసి ఒకసారి చూసి, "ఎవరిమీదా లేదండీ" అని తల లోపలికి లాక్కుంది.

రేగుపొదల్ని కూడా వదల్లేదు నాయనా! అవీ పొడుస్తాయి కదా. ముల్లుముల్లుకీ ఇంత తుమ్మజిగురు ముద్ద పెట్టించారు.

నవ్వొస్తోంది కదూ? నవ్వండి. అడవి కూడా మొదట్లో నవ్వింది. తర్వాత ఒకరోజు జింకపిల్ల కనిపించలేదు.

"మా రక్షణలో ఉంది. చాలా సుఖంగా ఉంది" అన్నాడు వీరాస్వామి, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ.

ఆ తర్వాత అడవిపంది పిల్ల కూడా రక్షణలోకి వెళ్ళింది. రక్షణలోకి వెళ్ళిన పిల్లలు తిరిగి రాలేదు. తల్లులు ఏడ్చారు. తండ్రులు కొమ్ములు ఝాడించారు. చిప్పలు టకటకలాడాయి. తోడేళ్ళు ఆ చప్పుడికి తాళం వేసి మరీ నవ్వాయి.

ఒక ఉదయం వీరాస్వామి బంగారమ్మ బొరియ ముందుకి వచ్చాడు. గోగుని పైనుంచి కిందిదాకా చూశాడు.

"అయ్యో పాపం, పరిగెత్తలేడు కదా! ఇలాంటి పిల్లలే మా రక్షణలో ఉండాలమ్మా. సాయంత్రం వచ్చి తీసుకెళతాం. వాడికి బాగా తినిపించి ఉంచు."

బంగారమ్మ గోగుని వీపున వేసుకుని రాజుగారి దగ్గరికి పరిగెత్తింది. దొడ్డరాయుడు వెలగగుజ్జులో బెల్లం కలుపుకుని తింటున్నాడు.

"ప్రభూ, వీరాస్వామి నా పిల్లాణ్ణి తినేస్తాడు!"

"ఎలా తింటాడు? పొడవడం నిషేధం కదా."

"పొడవడు ప్రభూ, కొరుకుతాడు!"

"అయితే దానికి వేరే ఉత్తర్వు వెయ్యాలి. రేపు పొద్దున్న వేస్తాను. ఇవాళ్టిది అయిపోయింది" అన్నాడు రాజు. అంతేగాని ఆ గుజ్జు మీంచి తల ఎత్తలేదు.

రేపటికి గోగు ఉండడు. మరి ఇప్పుడు బంగారమ్మ ఎక్కడికి వెళ్ళాలి? అడవిలో తోడేలుని ఎదిరించగల కొమ్ములు ఒక్కరికే ఉన్నాయి. తన కొడుకు కాలు విరగ్గొట్టిన కొమ్ములవి. ఆ కొమ్ములని తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండుతుంది. అయినా వెళ్ళింది.

కోటప్ప చెరువు గట్టున కూలబడి ఉన్నాడు. రెండు కొమ్ములకీ రెండు చిప్పలు. వాటిమీద ఒక పిచ్చుక గూడు కట్టే ప్రయత్నంలో ఉంది.

"వచ్చావా? చూశావా నేను చెప్పిందే జరిగింది! నువ్వే తెచ్చిపెట్టావు ఈ కర్మ" అన్నాడు.

"నువ్వు చెప్పిందే జరిగింది అన్నా. కానీ అంతకుముందు జరిగింది ఇది. చూడు" అంటూ బంగారమ్మ గోగుని కిందికి దించింది. "నేను గుప్పెడు అడిగితే నువ్వు ఇవ్వలేదు. అందుకే వాళ్ళు గంపెడు పట్టుకుపోయారు. సాయంత్రం తోడేళ్ళు వీడికోసం వస్తున్నాయి. తల వంచు, చిప్పలు కొరికేస్తాను."

కుందేలు పళ్ళ సంగతి మీకు తెలుసుగా. ఆమె కుడికొమ్ము చిప్పని కరకరా కొరికేసింది. జిగురు నోటికి అంటుకుంది, పెదవి చీరుకుపోయింది. అయినా ఆపలేదు. చిప్ప ముక్కలై రాలింది. నల్లటి మొన ఎండలో తళుక్కుమంది.

కోటప్ప ఆనందంగా రెండో కొమ్ము వంచాడు. బంగారమ్మ కదల్లేదు.

"ఇది ఇప్పుడే కాదు. ముందు వీడి కాలు చూడు."

"చూశాలే."

"చూడలేదు. ఆ రోజూ చూడలేదు, ఇవాళా చూడలేదు. వంగి చూడు."

కోటప్ప వంగాడు. చూశాడు. పుల్లలా వంకర తిరిగిన చిన్న కాలు. గోగు భయపడి అమ్మ వెనక్కి నక్కాడు. ఆ కాలుకంటే ఆ భయమే కోటప్పని ఎక్కువ గుచ్చింది. అంత పెద్ద దున్న, ముక్కు ఎగబీల్చుకుంటూ ఏడ్చేశాడు. పిచ్చుక తడిసిపోతానని గూడు సంగతి మానుకుని ఎగిరిపోయింది.

"తప్పయిపోయింది చెల్లీ. నలుగురిలోకి వచ్చినప్పుడు చిప్ప నేనే తొడుక్కుంటాను. నువ్వు అడగక్కర్లేదు."

బంగారమ్మ రెండో చిప్పకి పన్ను ఆనించింది. అంతలోనే తోడేళ్ళు రానే వచ్చాయి.

"ఆగు!" అని అరిచాడు వీరాస్వామి. "ఒక కొమ్ముకి చిప్ప లేదు! చట్టాన్ని ధిక్కరిస్తున్నావు!"

"రెండోదానికి ఉందిగా. సగం పాటిస్తున్నాను" అన్నాడు కోటప్ప.

వీరాస్వామి చట్టంలో సగానికి ఏ శిక్ష ఉందా అని ఆలోచిస్తుండగానే కోటప్ప కొమ్ము అతని పొట్ట కింద దూరింది. వీరాస్వామి గాల్లోకి లేచాడు. తిన్నగా వెళ్ళి రేగుపొదలో పడ్డాడు. ముళ్ళన్నిటికీ తనే జిగురు పెట్టించాడు కదా, ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు. కానీ తోక నుంచి ముక్కు దాకా అతుక్కుపోయాడు. ఎటు లాగినా ఇంకోవైపు అంటుకుంటోంది. కొన్ని తోడేళ్ళు నాయకుణ్ణి విడిపించడానికి వెళ్ళి ఒకదాని తర్వాత ఒకటి అంటుకుపోయాయి. అంటుకోకుండా మిగిలిన తోడేళ్ళు అడవి దాటి పారిపోయాయి.

వెంటనే జనమంతా చేరి ఒకరి చిప్పలు ఒకరు ఊడదీసుకున్నారు. కొందరు కుర్రపొట్టేళ్ళు ఇక ఏ చిప్పా వద్దని గంతులు వేశారు. కోటప్ప వాళ్ళకి అడ్డంగా నిలబడి గోగుని చూపించాడు. వాళ్ళు గంతులు ఆపేశారు.

ఆ తర్వాత మైనాల ఇంట పెళ్ళి వచ్చింది. పందిరి గుమ్మంలో గోగు నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరూ చిప్పలు తొడుక్కుని వాడి ముందు తల వంచాలి. వాడు ఒక్కో చిప్పని తట్టి చూసి లోపలికి పంపుతాడు. కోటప్ప అందరికంటే ముందు వచ్చి తల వంచాడు. టక్ టక్. వెళ్ళాడు.

అంతలో నేల అదిరింది. దొడ్డరాయుడు వస్తున్నాడు. రెండు దంతాలూ తళతళా మెరుస్తున్నాయి. మేళం ఆగిపోయింది. గోగు కుంటుకుంటూ వెళ్ళి సరిగ్గా ఆయన పాదాల ముందు నిలబడ్డాడు. ఆ పాదం కాస్త కదిలితే గోగు ఉండడు.

"నేనెవరో తెలుసా బాబూ?" అన్నాడు రాజు.

"తెలుసు తాతా. అందుకే పెద్దవి తెచ్చాం" అన్నాడు గోగు.

పక్కనే రెండు పెద్ద ఎండు ఆనపకాయ బుర్రలు ఉన్నాయి.

దొడ్డరాయుడు చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. జింకపిల్ల తల్లి చూస్తోంది, అడవిపంది పిల్ల తల్లి చూస్తోంది. ఆ ఇద్దరి కళ్ళలోకీ ఆయన చూడలేకపోయాడు. ఆ రోజు గుజ్జు మీంచి ఎత్తని తల ఇప్పుడు బరువైపోయింది. మెల్లగా మోకాళ్ళు వంచాడు. తల నేలకి ఆనించాడు.

గోగు బుర్రలు తొడిగాడు. చెయ్యి అందక ఎగిరి తట్టాడు.

టక్. టక్.

"వెళ్ళు తాతా. పాయసం బాగుందట" అన్నాడు.

నీతి: పక్కవాడి పిల్లని పట్టించుకోని హక్కూ, తన దంతాలకి చిప్ప తొడుక్కోని చట్టమూ రెండూ ప్రమాదమే. తల ఎవరిదైనా సరే, గుమ్మం దగ్గర వంచాల్సిందే.